అక్కడ ఇప్పుడు ఏం పైరు ఉంటుంది?

మొన్న మా హైస్కూలు బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకతను వీడియో పెట్టాడు. రాత్రిపూట ఏదో ఊరి మీద మిసైల్ పడుతోంది, పెద్ద బిల్డింగ్ ఒకటి కూలిపోతోంది. ఏ దేశమో, ఏ ఊరో రాయలేదు. నిమిషం తిరక్కముందే చప్పట్ల బొమ్మలు, మంటల బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. 'సూపర్ షాట్' అని ఒకరు రాశారు. వీళ్లంతా నాకు చిన్నప్పటి నుంచి తెలిసినవాళ్లే, చెడ్డవాళ్లు కారు. మా నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు రక్తం ఇవ్వడానికి అర్ధరాత్రి పరిగెత్తుకొచ్చిన ఇద్దరు ఆ గ్రూపులోనే ఉన్నారు. అందుకే ఇంకా ఎక్కువ బాధేసింది. ఫోన్ పక్కన పెట్టి పడుకున్నాను గానీ నిద్ర రాలేదు. మా తాత ఉండి ఆ వీడియో చూసి ఉంటే ఒక్క మాటే అడిగేవాడు.

"అక్కడ ఇప్పుడు ఏం పైరు ఉంటుందిరా?"

మా ఊరు కందుకూరు దగ్గర. తాత పుట్టినప్పుడు అది నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా చేసినప్పుడు మా తాలూకా అందులోకి పోయింది, రెండేళ్లకు ఆ జిల్లాకి ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో కందుకూరును మళ్లీ నెల్లూరులో కలిపారు. కాగితాల మీద జిల్లా మారింది గానీ మా నేల మారలేదు. కాలవ నీళ్లు ఎరగని ఎర్రగరప నేల. పైన వాన, కింద పొగాకు.

పొగాకు లేని ప్రాంతం వాళ్లకు బ్యారన్ అంటే ఏమిటో చెప్పాలి. పదహారు అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తున్న గది. లోపల నేల మీద ఇనప గొట్టాలు, గోడ బయట పొయ్యి. పొలంలో కొట్టుకొచ్చిన పచ్చి ఆకును కర్రలకు అల్లి, లోపల దూలాల మీద వరసలుగా వేలాడదీస్తారు. పొయ్యి వెలిగించాక ఐదారు రోజులు మంట ఆరకూడదు. మొదట సన్నటి సెగ మీద ఆకు పసుపుకు తిరగాలి. ఆ రంగు నిలబడ్డాక ఆకు ఎండాలి. చివరికి 160 ఫారెన్‌హీట్ డిగ్రీల దాకా తీసుకుపోతే ఈనె ఎండుతుంది. వేడి తొందరపడి పెంచితే ఆకు పచ్చగానే ఉండిపోతుంది. ఆలస్యం చేస్తే గోధుమ రంగుకు తిరిగి గ్రేడు పోతుంది. నెలల తరబడి నీళ్లు మోసి పెంచిన పైరు ఒక్క రాత్రి కునుకుతో పాడయ్యేది.

తాతకు చత్వారం. ధర్మామీటరు మీద అంకెలు కనిపించేవి కావు. అందుకని బ్యారన్ కాలే రాత్రుల్లో నన్ను పక్కన పడుకోబెట్టుకునేవాడు. లోపలి ధర్మామీటరు కనబడేలా గోడకి చిన్న గాజు అద్దం ఉండేది. తాత టార్చి కొడితే నేను మునివేళ్ల మీద లేచి, అద్దానికి ముక్కు ఆనించి చదివేవాణ్ణి. "నూట పది తాతా." ఆ అద్దం వెచ్చగా ఉండేది. లోపల ఆకు పసుపుకు తిరుగుతున్నప్పుడు వచ్చే వాసన ఒకటుంది, కాస్త తియ్యగా, కాస్త ఎండుగడ్డిలా. నలభై దాటిన ఈ వయసులో కూడా అది గుర్తొస్తే నాకు చలికాలం రాత్రి గుర్తొస్తుంది. పగలు ఆకు కట్టిన చేతులకు నల్లటి జిగురు పట్టేది. సబ్బు రుద్దినా పోదు. ఆ చేత్తో అన్నం కలిపితే మొదటి నాలుగు ముద్దలు చేదు. మంచు తడి ఆరకముందే ఆకు కొట్టే కూలీలకు ఆ తడి ఒంటికి అంటి తల తిరిగి వాంతులయ్యేవి. అప్పుడు మజ్జిగ తాగించి నీడన కూర్చోబెట్టేవాళ్లు. అది ఆకులోని నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి పోవడం వల్ల అని పెద్దయ్యాకే తెలిసింది. మా అందరికీ అప్పుడు అది 'పైత్యం'.

బ్యారన్ దగ్గర తాతకు తోడు నేనూ, తోలు తొడుగు వేసిన ఒక ట్రాన్సిస్టరూ. పొద్దున ఏడు గంటల ఢిల్లీ వార్తలు ఆయన తప్పించేవాడు కాదు. పొయ్యిలో మొద్దు తోస్తూ కూడా చెవి అటే.

1991 డిసెంబర్ 26 పొద్దున. నాకు పదేళ్లు. ఆకు కొట్టుడు ఇంకా మొదలుకాలేదు. తాత ఎర్రమట్టి పిసికి బ్యారన్ గోడ పగుళ్లకు మెత్తుతున్నాడు, నేను మట్టి ముద్దలు అందిస్తున్నాను. ముందు రోజు గోర్బచేవ్ రాజీనామా చేశాడనీ, సోవియట్ యూనియన్ ఇక లేదనీ రేడియో చెప్పింది. తాత చెయ్యి గోడ మీదే ఆగిపోయింది. మా ఊళ్లో రష్యా అంటే చాలా దగ్గరి పేరు. ఎర్రజెండా పార్టీ వాళ్లు ఇంటింటికీ ఇచ్చే రష్యా పత్రికల నున్నటి కాగితాలే మా పుస్తకాలకు అట్టలు. అంతకంటే ముఖ్యం, మా ఆకు కొనేవాళ్లలో వాళ్లు పెద్దవాళ్లు. డాలర్లతో పని లేకుండా రూపాయల లెక్కలో జరిగే వ్యాపారం అది. వాళ్ల దగ్గర నుంచి యంత్రాలు, చమురు వస్తే, ఇటు నుంచి టీ, పొగాకు పోయేవి. అట్టలేసుకున్న ఆ దేశం ఒక్క రాత్రిలో లేకుండా పోయిందంటే నాకు అర్థం కాలేదు. తాతకు మాత్రం వెంటనే అర్థమైంది.

"మన ఆకు ఇంకెవురు కొంటారో" అన్నాడు. కాసేపు ఊరుకుని, చేతులు కడుక్కుని వచ్చి నన్ను దగ్గరికి పిలిచాడు. "బడికి పోయినప్పుడు సోషల్ అయ్యవారిని ఒక మాట అడిగి రా. రష్యాలో ఇప్పుడు ఏం పైరు ఉంటుందో కనుక్కో."

అయ్యవారు నా ప్రశ్న విని ఆశ్చర్యపోయాడు. అట్లాసు తీసి చూపించాడు. అక్కడ ఈ నెలల్లో అంతా మంచేననీ, ఆ మంచు కింద శరత్కాలంలో వేసిన గోధుమ మొలక పడుకుని ఉంటుందనీ, ఎండ రాగానే లేస్తుందనీ చెప్పాడు. సాయంత్రం తాతకు అప్పజెప్పాను. మంచు కింద పైరు బతికుంటుందనే మాట ఆయన నమ్మలేకపోయాడు. రెండుసార్లు అడిగాడు. నేను అయ్యవారి మీద ఒట్టేసి చెప్పాక, "అయితే పర్లేదు. ఎవుడు దిగిపోయినా గింజ మిగులుద్ది" అన్నాడు. ఆయన గొంతులో నిజమైన ఊరట వినిపించింది. ఆ తర్వాత రెండు సీజన్లు మా ఇంటిని కుదిపేశాయి. వేలానికి తీసుకుపోయిన ఆకు బేళ్లు, ఎవరూ పాడలేదని 'నో బిడ్' చీటీతో వెనక్కి వచ్చేవి. మా అమ్మ రెండుపేటల గొలుసు తాకట్టుకు పోయి తిరిగి రాలేదు. అంత కష్టం కళ్లముందు కనబడుతున్న రోజున, తన ఆకు కొనలేని దేశంలో జనానికి తిండి ఉంటుందా లేదా అని కనుక్కోమని పదేళ్ల పిల్లాణ్ణి పంపాడు మా తాత. ఇది నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు.

ఒకసారి అడిగాను కూడా. రేడియోలో ఏదో యుద్ధం గురించి చెబుతుంటే పైరు గురించి ఎందుకు తాతా అని. ఆయనకు ఉపన్యాసాలు రావు. "కోతకొచ్చిన పైరు ఆగదురా. కోసేటప్పుడు మడిసి ఉండాల గదా" అన్నాడు.

ఆ తర్వాత అది మా ఇద్దరికీ అలవాటైపోయింది. రేడియోలో ఏ దేశం పేరొచ్చినా నేను అయ్యవారి దగ్గరికి పోవడం, ఆయన అట్లాసు తియ్యడం. జింబాబ్వేలో నాటేదీ కొట్టేదీ దాదాపు మన నెలల్లోనేననీ, బ్రెజిల్ వాళ్లు మనకంటే ముందు కొడతారనీ నాకు ఏడో తరగతికే తెలుసు. తాత జింబాబ్వేని చివరిదాకా పాత పేరుతో రొడీషియా అనే పిలిచాడు.

2000లో ఆంధ్రాలో మేం వేసే వర్జీనియా రకం పొగాకుకు క్రాప్ హాలిడే ప్రకటించారు. అమ్ముడుపోని ఆకు గోదాముల్లో పేరుకుపోయింది, ఒక ఏడాది పంట వేయొద్దన్నారు. ఆ చలికాలం మా ఊళ్లో ఏ బ్యారన్ నుంచీ పొగ లేవలేదు. గ్రేడింగ్‌కి వచ్చే ఆడవాళ్లకు పని లేదు. వాళ్ల గురించి రాయకుండా ఉండలేను. షెడ్డులో గోతాల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కో ఆకునీ వెలుగుకు పట్టి చూసి రంగుల వారీగా విడదీసేవాళ్లు. ఆ దుమ్ముకు రోజంతా తుమ్ములూ దగ్గులూ. కొంగు ముక్కుకు కట్టుకునేవాళ్లు. కంపెనీలు కోరిన రంగు తేడాలను వాళ్ల కళ్లు యంత్రాలకంటే బాగా పట్టేవి. వాళ్లలో ఒక పెద్దమ్మ ఆ ఏడు మా ఇంటికొచ్చి, మా నాయనమ్మ దగ్గర రెండు సోలల సజ్జలు అడిగి తీసుకుంది. ఎప్పుడూ అడిగి ఎరగని మనిషి. తలుపు చాటున నిలబడి అడిగింది.

అదే సంవత్సరం జింబాబ్వేలో తెల్లవాళ్ల పెద్ద పొలాల ఆక్రమణలు మొదలయ్యాయి. ఆ దేశపు పొగాకు పంట ఏటికేడు పడిపోతూ వచ్చింది. 2000లో 23 కోట్ల కిలోలకు పైగా పండించిన వాళ్లు 2008కి 5 కోట్ల కిలోల లోపుకు దిగిపోయారు. ఆ భూములు ఎవరివి, ఎలా వచ్చాయి అనేది పెద్ద చరిత్ర, అందులో అన్యాయం ఒక పక్కనే లేదు. మా ఊరికి మాత్రం అది ఒక్క ముక్కగా చేరింది: వాళ్ల ఆకు తగ్గింది గనక మన ఆకుకు గిరాకీ వస్తుంది. ఆ మాట చెప్పిన వ్యాపారి సంతోషంగా చెప్పాడు, అరుగు మీద కూర్చున్న వాళ్లూ సంతోషపడ్డారు. తాత ఒక్కడే, "వాళ్ల బ్యారన్‌లో పొయ్యి ఆరిపోయిందని మనం పండగ చేసుకుంటామా?" అన్నాడు. అట్టాగని మంచి ధర వస్తే వద్దనలేదు. అమ్మాడు, అప్పు తీర్చాడు. ఆ డబ్బుతోనే నన్ను చదివించారు. కానీ ఆ సంగతి చెప్పి నవ్వనివ్వలేదు.

తాత 2004లో పోయాడు. చుట్ట తాగేవాడు, చివరి రెండేళ్లు దగ్గుతోనే గడిచింది. పొగాకు మంచిదని నేను ఏనాడూ అనను. మా ఇంట్లోనే దాని చెడు చూశాను.

కానీ 2015 సంగతి చెప్పాలి. ఆ ఏడు ధర పడిపోయి ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్‌లో మా ఆఫీసు టీవీలో ఆ వార్త కింద స్క్రోలింగ్‌లో పోతోంది. పక్క సీటాయన చూసి, "అసలు పొగాకు ఎవరు వేయమన్నారు వీళ్లని?" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు, మామూలుగా అన్నాడు. నాకు గొంతులో ఏదో అడ్డం పడి మాట రాలేదు. ఇప్పుడైనా జవాబు రాస్తాను. మా నేలకు నీళ్లు లేవు. వెలిగొండ ప్రాజెక్టు గురించి వినడం మొదలుపెట్టిన పిల్లలు ముసలివాళ్లయ్యారు. ఆ ఎర్రనేలలో, ఆ కాస్త తేమతో, మంచి రంగు తిరిగే ఆకు పండుతుంది. పొగాకు బోర్డు బ్యారన్‌కి ఇంత అని లెక్క కట్టి అనుమతి ఇస్తుంది, దాన్ని చూసి బ్యాంకు అప్పిస్తుంది, ఆకు కొనడానికి వేలం కేంద్రం ఉంది. కంది వేస్తే, శనగ వేస్తే ఈ మూడింట్లో ఒక్కటీ అంత గట్టిగా దొరకదు. కౌలు ముందే కట్టాలి. కాబట్టి వేస్తారు. సిగరెట్ పెట్టె మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ వచ్చాక మా నాయన ఒకసారి ఆ పెట్టెను చేతిలో తిప్పి తిప్పి చూసి, ఏమీ అనకుండా అరుగు మీద పెట్టి లోపలికి పోయాడు. వేరే దారి చూపించమని అడగడానికి కూడా ఆయనకు ఎవరూ కనబడలేదు.

ఆ రోజు నా పక్క సీటాయనకు మా ఊరు ఎలా కనబడిందో, వాట్సాప్ వీడియోలో కూలిన ఆ ఊరు మా గ్రూపుకు అలాగే కనబడింది. అందుకే తాత ప్రశ్నను నేను వదలలేదు.

2022 ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయిన్ మీదకు పోయినప్పుడు మా ఇంట్లో అందరూ సన్‌ఫ్లవర్ నూనె రేటు గురించే మాట్లాడుకున్నారు. అప్పట్లో బయటి నుంచి మనకొచ్చే ఆ నూనెలో ఎక్కువ భాగం యుక్రెయిన్‌దే కాబట్టి ఆ టెన్షన్ న్యాయమే. నాకు మాత్రం అట్లాసు, అయ్యవారి వేలు గుర్తొచ్చాయి. అక్కడి చేలల్లోనూ అదే గోధుమ. 1991లో తాత కోసం నేను కనుక్కొచ్చిన మంచు కింది మొలక ఆ నేలదీ. పొద్దుతిరుగుడు వేసే ఏప్రిల్ నాటికి ఆ చేలల్లో మందుపాతరలు ఉన్నాయి. ట్రాక్టర్ కింద పాతర పేలి రైతులు పోయిన వార్తలు చదివాను. గింజ వేయడానికి పోయి.

2023 అక్టోబర్ 7న హమాస్ దాడి, ఆ వెనక గాజా మీద యుద్ధం. అక్టోబర్ అక్కడ ఒలీవ కాయలు దులిపే నెల. ఇంటిల్లిపాదీ చెట్ల కింద పట్టాలు పరుచుకుని కూర్చునే కాలం. మన దగ్గర చింతకాయ దులిపినట్టు.

సూడాన్ గురించి మన టీవీలు దాదాపు మాట్లాడవు. 2023 ఏప్రిల్ 15న ఆ దేశ సైన్యమూ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ దళమూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కోటి మందికి పైగా ఇళ్లు వదిలారు. వాళ్లు తినేది జొన్న. మా నాయనమ్మ చేసిన జొన్న సంగటి లాంటిదే వాళ్లకూ ఉంది, అసీదా అంటారు. పులిసిన జొన్నపిండితో దోసె కంటే పల్చగా పోసుకునే కిస్రా ఉంది. రెండు నైళ్ల మధ్య గెజీరా అని పెద్ద ఆయకట్టు, ఆ దేశపు ధాన్యాగారం లాంటిది. యుద్ధం 2023 డిసెంబర్‌లో ఆ ఆయకట్టులోని వాద్ మదని పట్నం మీదకు వచ్చింది. డిసెంబర్ అంటే అక్కడ జొన్న కోత. కోసేటప్పుడు మడిసి ఉండాల గదా అన్న మాట ఆ రోజు నాకు మా తాత గొంతుతోనే వినబడింది. జనం చేలు వదిలి పారిపోయారు. తర్వాతి ఏడు ఆగస్టులో, దేశానికి ఇంకో కొసన డార్ఫర్‌లోని జమ్‌జమ్ శిబిరంలో కరువు నిర్ధారణ అయింది. మన వైపు ఆ వార్త కోసం నేను వెతుక్కోవాల్సి వచ్చింది. జొన్న తినే మనుషుల గురించి, తరతరాలుగా జొన్న తిన్న మనకు ఎవరూ చెప్పలేదు.

2025 ఆగస్టులో ఊరికి పోయాను. పొగాకు చేస్తున్నది ఇప్పుడు మా పెదనాయన కొడుకు. 2024లో అన్న ఫోన్ చేసి, కిలో మూడు వందలు దాటిందిరా అని సంతోషపడ్డాడు. ఆ ఏడు జింబాబ్వేలో వానల్లేవు. బ్రెజిల్‌లో పొగాకు పండే రియో గ్రాండే దో సుల్ రాష్ట్రం మే నెలలో వరదల్లో మునిగింది, నూటెనభై మందికి పైగా పోయారు. ఆ ధర నమ్ముకుని మా వైపు చాలామంది ఎక్కువ పొలం కౌలుకు తీసుకుని వేశారు. 2025లో అక్కడ వానలు పడ్డాయి, జింబాబ్వే ఎన్నడూ లేనంత పండించింది, 35 కోట్ల కిలోలు దాటింది. ఇక్కడ తక్కువ గ్రేడు బేళ్లు వెనక్కి వచ్చాయి.

అన్న ఆ బేళ్లను పాత బ్యారన్‌లోనే పేర్చి పెట్టాడు. నేను అంకెలు చదివిన అద్దం పగిలిపోయింది, దాని చోట రేకు ముక్క కొట్టి ఉంది. ఇద్దరం బేళ్ల పక్కన కూర్చున్నాం. వదిన టీ తెచ్చి ఇచ్చింది. వచ్చే సంవత్సరానికి నారుమళ్లు పోసే రోజులు దగ్గరపడ్డాయి. వెయ్యాలా, మానాలా, ఎంత వెయ్యాలా అని అన్న తేల్చుకోలేకపోతున్నాడు.

"తమ్ముడూ, ఆ ఫోన్లో చూడు. రొడీషియాలో నారు పోశారా?"

ఆ పేరు ఆయన నోట విని నాకు ఒక క్షణం మాట రాలేదు. వాళ్లు జూన్ ఒకటి నుంచి పోస్తారన్నా, సెప్టెంబర్ ఒకటి నుంచి నాటుకోనిస్తారు అని చెప్పాను.

"అంత పండించారు గదా. వాళ్లకు రేటు బాగా వచ్చిందా మరి?"

చూశాను. పోయినేటి కంటే కొంచెం తగ్గింది.

"తగ్గిందా" అన్నాడు అన్న. టీ గ్లాసు కింద పెట్టి, లేచి, వాన జల్లు పడుతుందేమోనని పట్టా అంచు లాగి బేళ్ల మీద కప్పాడు. "పాపం, వాళ్లూ అప్పు తెచ్చే వేసుంటారు."